అవాంఛిత రోమాలు: లేజరా? ఎలక్ట్రోలిసిసా?

ఇంట్లో అందరికంటే ముందే లేచి, బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుని, అద్దం ముందు గడ్డం పైకెత్తి ప్లక్కర్‌తో ఒక్కో వెంట్రుకా పీక్కునే ఆడపిల్లలు ఎంతమందో! పెళ్లిచూపులవాళ్లు వస్తున్నారంటే కట్టుకోబోయే చీరకంటే ముందు చుబుకమే గుర్తుకొస్తుంది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా సంతోషం ఉండదు. ఎండ ముఖం మీద పడితే పక్కవాళ్లకు కనిపిస్తాయేమోనని చున్నీ అడ్డం పెట్టుకుంటారు.

ఇది నలుగురికీ చెప్పుకునే బాధ కాదు. చెప్పుకుంటే "నీకూ మీసాలొస్తున్నాయే!" అని నవ్వేవాళ్లే ఎక్కువ. కన్నతల్లి దగ్గర కూడా మాట పెగలదు. ధైర్యం చేసి "అమ్మా, లేజర్ చేయించుకుంటాను" అంటే "ముఖానికి కరెంటు పెట్టించుకుంటావా? రేపు ఏదన్నా అయితే? పెళ్లయ్యాక చూద్దాంలే" అన్న జవాబే వస్తుంది. దాంతో కొందరు గుట్టుగా, కూడబెట్టుకున్న డబ్బు పట్టుకుని, "పర్మనెంట్ హెయిర్ రిమూవల్" అన్న బోర్డు ఎక్కడ కనిపిస్తే అక్కడికి వెళ్లిపోతున్నారు. ఏడాది తిరిగేసరికి వెంట్రుకలు మళ్లీ వచ్చాయనీ, ముఖం నల్లబడిందనీ ఏడుస్తున్నారు.

ఇక్కడ చిక్కంతా "పర్మనెంట్" అన్న మాటతోనే. ఆ మాటకు లేజర్‌లో ఒక అర్థం, ఎలక్ట్రోలిసిస్‌లో మరో అర్థం. ఆ తేడా తెలిస్తే మీకేది పనికొస్తుందో మీరే తేల్చుకోవచ్చు.

ముందు కారణం తెలుసుకోండి

ఆడవాళ్ల ముఖం మీద సన్నని, లేతరంగు నూగు ఉండటం సహజం. అది లేని ముఖమే ఉండదు. దానికి చికిత్స అక్కర్లేదు. పైపెదవి మీద, చుబుకం మీద, దవడల వెంట ముతకగా, నల్లగా, గట్టిగా వెంట్రుకలు మొలుస్తున్నప్పుడే ఆలోచించాలి. 1961లో ఫెర్రిమన్, గాల్వే అనే ఇద్దరు బ్రిటన్ డాక్టర్లు ఇలాంటి వెంట్రుకలు ఒంటిమీద ఎక్కడెక్కడ, ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టే పద్ధతి ఒకటి తయారుచేశారు. కొద్దిపాటి మార్పులతో డాక్టర్లు నేటికీ దాన్నే వాడుతున్నారు.

ఈ సమస్యతో వచ్చేవారిలో ఎక్కువమందికి కారణం పి.సి.ఓ.ఎస్. అంటే అండాశయాల పనితీరులో తేడా వచ్చి, ఆడవాళ్లలో కొద్దిగా మాత్రమే ఉండాల్సిన పురుష హార్మోన్ల పాలు పెరగడం. నెలసరి రెండు మూడు నెలలకోసారి రావడం, మొటిమలు, బరువు పెరగడం, నడినెత్తిన జుట్టు పలచబడటం దీని గుర్తులు. ఇవేవీ లేకుండా, హార్మోన్లన్నీ సరిగ్గానే ఉండి, అమ్మమ్మనుంచో మేనత్తనుంచో వచ్చిన పోలికగా ముఖం మీద రోమాలు వచ్చేవారూ ఉంటారు. నెలసరి ఆగిపోయే వయసులో చుబుకం మీద నాలుగైదు గట్టి వెంట్రుకలు మొలవడం కూడా మామూలే.

కొన్ని మందులవల్ల కూడా వస్తాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, జుట్టు ఊడకుండా వాడే మినాక్సిడిల్ అలాంటివే. తలకు రాసుకున్న మినాక్సిడిల్ నుదుటి మీదికీ చెంపల మీదికీ జారితే అక్కడా రోమాలు పెరుగుతాయి. అందుకని వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. మూర్ఛమందు మాత్రం సొంతంగా ఆపేయకూడదు.

ఒక్క హెచ్చరిక. రోమాలు కొద్ది నెలల్లోనే ఉన్నట్టుండి గుబురుగా పెరిగినా, గొంతు బొంగురుపోతున్నా, నెలసరి పూర్తిగా ఆగిపోయినా పార్లర్‌కు కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అరుదుగానే అయినా, అండాశయాల్లోనో మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లోనో కణితి ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది.

కారణం హార్మోన్లయితే, దానికి చికిత్స లేకుండా పైపైన రోమాలు తీయించుకోవడం కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టే. ఉన్నవి పోతుంటాయి, కొత్తవి మొలుస్తుంటాయి. అలాగని మందులొక్కటే చాలవు. అవి కొత్త రోమాలు ముతకబారకుండా అదుపు చేస్తాయి తప్ప, అప్పటికే నల్లగా ముదిరిన వాటిని రాలగొట్టలేవు. ఫలితం కనిపించడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది. వీటిలో కొన్ని గర్భం దాల్చాలనుకునేవారు వాడకూడనివి. కాబట్టి తెలిసినవాళ్లు వాడుతున్నారని మీరూ కొనుక్కుని మింగకండి.

ఎలక్ట్రోలిసిస్: ఒక్కో వెంట్రుకకు ఒక్కో సూది

రెండింటిలో పాతది ఇదే. 1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు, లోపలికి తిరిగి కంట్లో గుచ్చుకునే రెప్పవెంట్రుకలను విద్యుత్తుతో తొలగించిన విధానాన్ని ప్రకటించారు. ముఖం మీది రోమాలకు ఈ పద్ధతి అక్కడినుంచే వచ్చింది.

వెంట్రుక మొలిచిన రంధ్రంలోకే అతి సన్నని సూది దించుతారు. చర్మాన్ని పొడిచి కొత్త రంధ్రం చేయరు. సూదిలోంచి కొద్దిపాటి కరెంటు పంపుతారు. ఇందులో మూడు రకాలున్నాయి. మొదటిది గాల్వానిక్. ఇందులో కరెంటువల్ల అక్కడి తేమలోని ఉప్పూ నీరూ కలిసి క్షారంగా మారతాయి. ఆ క్షారమే కుదురును తినేస్తుంది. రెండోది థర్మోలిసిస్. ఇది వేడితో కుదురును మాడ్చేస్తుంది. మూడోది ఈ రెండూ కలిపిన బ్లెండ్. గాల్వానిక్‌లో ఒక్కో వెంట్రుకకు నిమిషం దాకా పడుతుంది, థర్మోలిసిస్ కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత ప్లక్కర్‌తో పట్టుకుంటే వెంట్రుక సులువుగా జారి వచ్చేస్తుంది. బలంగా లాగాల్సి వచ్చిందంటే కుదురు చావలేదన్నమాట.

దీనిలో గొప్పతనమేమిటంటే వెంట్రుక నల్లనిదైనా, తెల్లనిదైనా, ఎర్రనిదైనా ఒకటే. చర్మం చామనఛాయైనా, నలుపైనా ఒకటే. చచ్చిన కుదురునుంచి వెంట్రుక ఇక మొలవదు. లోటేమిటంటే ఓపిక. వారానికో రెండు వారాలకో ఒకసారి, పావుగంటనుంచి అరగంట కూర్చోవాలి. చుబుకం నిండా ఉన్నవారికి ఏడాదినుంచి ఏడాదిన్నర పట్టవచ్చు. సూది పడ్డప్పుడల్లా చురుక్కుమంటుంది. చేసేవారి చెయ్యి కుదురైనది కాకపోతే చిన్న చిన్న గుంటలు, నల్లమచ్చలు మిగులుతాయి.

లేజర్: నలుపును వెతుక్కుంటూ వెళ్లే వెలుగు

లేజర్‌కు ఆధారమైన సూత్రాన్ని 1983లో అమెరికాకు చెందిన ఆండర్సన్, పారిష్ అనే వైద్యులు ప్రకటించారు. రోమాల తొలగింపుకు లేజర్ వాడటానికి అమెరికాలో మొదటిసారి 1995లో అనుమతి వచ్చింది.

ఎండలో నల్లబట్ట తెల్లబట్టకంటే ఎక్కువ వేడెక్కుతుంది కదా, ఇదీ అంతే. లేజర్ వెలుగును వెంట్రుకలోని నల్లని రంగు పదార్థం, అంటే మెలనిన్ పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడి కుదురుకు చేరి దాన్ని దెబ్బతీస్తుంది. ఒక్క వెలుగు దెబ్బకు ఆ చోటున్న వెంట్రుకలన్నిటికీ ఒకేసారి తగులుతుంది కాబట్టి పైపెదవి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. రబ్బరు బ్యాండు సాగదీసి చర్మం మీద వదిలినట్టు చిన్న దెబ్బ తెలుస్తుంది.

అయితే ఒక్కసారితో సరిపోదు. మన వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటే కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. పెరుగుదలలో ఉన్నవాటిమీదే లేజర్ బాగా పనిచేస్తుంది. అందుకే ముఖానికి నాలుగునుంచి ఆరు వారాల ఎడంతో ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అవసరమవుతాయి. చేయించుకున్నాక ఒకటి రెండు వారాలు వెంట్రుకలు బయటికి వస్తున్నట్టే కనిపిస్తాయి. కంగారుపడకండి. అవి కొత్తగా మొలుస్తున్నవి కాదు, రాలిపోయే ముందు పైకి తేలుతున్నవి.

ఆ "శాశ్వతం" మాట సంగతేమిటి?

అమెరికాలోని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ రెండింటికీ రెండు వేర్వేరు మాటలు వాడుతుంది. ఎలక్ట్రోలిసిస్‌ను "శాశ్వత తొలగింపు" అంటుంది. లేజర్‌కు "శాశ్వత తగ్గింపు" అన్నంతవరకే ఒప్పుకుంటుంది. అంటే లేజర్ తర్వాత మళ్లీ మొలిచే వెంట్రుకల సంఖ్య చాలాకాలంపాటు తగ్గి ఉంటుందే తప్ప, ఒక్కటీ మిగలదని కాదు. మిగిలినవి సన్నగా, లేతగా వస్తాయి. పి.సి.ఓ.ఎస్. ఉన్నవారికి ఏడాదికి రెండు మూడుసార్లు మళ్లీ లేజర్ అవసరం పడుతుంటుంది.

అలాగని ఎలక్ట్రోలిసిస్ చేయించుకున్నవారికి ఇక రోమాలే రావనుకోకండి. తీసిన వెంట్రుక రాదు. కానీ పక్కనే ఉన్న నూగు కుదురు హార్మోన్లవల్ల రేపు ముతకబారవచ్చు. అది కొత్త వెంట్రుక, పాతది కాదు. ఏ పద్ధతిలోనైనా "జీవితంలో ఒక్కటి కూడా రాదు, రాసిస్తాం" అన్నవారిని నమ్మకండి. 1920లలో అమెరికా బ్యూటీ సెలూన్లలో "నొప్పిలేకుండా శాశ్వతంగా" అంటూ ముఖం మీద ఎక్స్ రేలు పెట్టేవారు. రోమాలు పోయాయి నిజమే. ఆ తర్వాత కొన్నేళ్లకు ఎందరో ఆడవాళ్ల చర్మం ముడతలుపడి, పుండ్లుపడి, కొందరికి క్యాన్సర్ కూడా వచ్చింది.

మన చర్మానికి ప్రత్యేక జాగ్రత్త

లేజర్ నలుపును వెతుక్కుంటుందని చెప్పుకున్నాం. మన చామనఛాయ చర్మంలోనూ ఆ మెలనిన్ ఉంది. తగని యంత్రం వాడినా, శక్తి ఎక్కువ పెట్టినా వెంట్రుక కుదురుకు పడాల్సిన వాత చర్మం మీద పడుతుంది. బొబ్బలు, నల్లమచ్చలు, కొన్నిసార్లు తెల్లమచ్చలు వస్తాయి. లేజర్లలో అలెగ్జాండ్రైట్ (755 నానోమీటర్లు), డయోడ్ (దాదాపు 810), ఎన్.డి. యాగ్ (1064) ముఖ్యమైనవి. వీటిలో ఎన్.డి. యాగ్ వెలుగును చర్మం పైపొరలోని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి ముదురు రంగు చర్మానికి అదే ఎక్కువ క్షేమం. అనుభవమున్నవారి చేతిలో డయోడ్ కూడా మనవాళ్లకు బాగానే పనిచేస్తుంది. ఐ.పి.ఎల్. అని ఇంకొకటుంది. అది లేజర్ కాదు, రకరకాల వెలుగులు కలిసినది. ముదురు చర్మానికి కాలే ప్రమాదం దానితో ఎక్కువ.

ఇంకో సంగతి చాలాచోట్ల ముందుగా చెప్పరు. కొందరికి లేజర్ చేయించాక రోమాలు తగ్గకపోగా, అంతకుముందు నూగు మాత్రమే ఉన్నచోట ముతక వెంట్రుకలు మొలుస్తాయి. ఇది అందరికీ జరగదు. జరిగితే మాత్రం ఎక్కువగా ముఖం, మెడ మీదే. ముదురు చర్మం ఉన్నవారిలో, హార్మోన్ల తేడా ఉన్నవారిలో ఎక్కువగా చూస్తున్నారు. కాబట్టి చెంపల మీది సన్నని నూగుకోసం "ఫుల్ ఫేస్ లేజర్" చేయించుకోవడం తగదు. ముతక వెంట్రుకలు ఉన్నచోట మాత్రమే చేయమని అడగండి.

మరి మీకేది?

* చుబుకం, దవడల నిండా నల్లని ముతక వెంట్రుకలు దట్టంగా ఉంటే లేజర్. అన్ని కుదుళ్లకూ సూది పెట్టించుకోవడం డబ్బుకూ ఓపికకూ మించిన పని.

* అక్కడక్కడా పది, పదిహేను మాత్రమే ఉంటే ఎలక్ట్రోలిసిస్. కొద్ది సిట్టింగుల్లో తేలిపోతుంది.

* తెల్లబడినవి, ఎర్రగా ఉన్నవి అయితే ఎలక్ట్రోలిసిసే. రంగులేని వెంట్రుకను లేజర్ గుర్తుపట్టదు. యాభై దాటిన తల్లులకు చుబుకం మీద తెల్లవెంట్రుకలుంటే లేజర్‌కు డబ్బు పోయడం దండగ.

* కనుబొమల దగ్గర లేజర్ వద్దు. కంటికి ప్రమాదం.

* దెబ్బ తగిలినచోట ఉబ్బెత్తు మచ్చలు పడే చర్మతత్వం ఉన్నవారు రెండింటికీ ముందు చర్మవ్యాధుల నిపుణులకు చూపించుకోవాలి.

* గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి ఎలక్ట్రోలిసిస్ పనికిరాదు.

* చాలామందికి రెండూ కలిపితే మేలు. ముందు లేజర్‌తో దట్టంగా ఉన్నవి తగ్గించుకుని, మిగిలిన కొద్దిపాటి మొండి వెంట్రుకలను ఎలక్ట్రోలిసిస్‌తో తీయించుకోవచ్చు.

వెళ్లేముందు, వచ్చాక

లేజర్‌కు కుదురులో వెంట్రుక ఉండాలి. కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాల ముందునుంచే థ్రెడింగ్, వాక్సింగ్, ప్లక్కింగ్ మానేయాలి. ఈలోపు కనిపించకుండా ఉండాలంటే కత్తిరించుకోవచ్చు, షేవ్ చేసుకోవచ్చు. బ్లీచింగ్ వద్దు. ఎలక్ట్రోలిసిస్‌కైతే ప్లక్కర్‌కు అందేంత పొడవు ఉండాలి కాబట్టి కొద్దిరోజులు షేవింగ్ కూడా ఆపాలి. ఆ కొద్దిరోజులే కష్టం.

లేజర్ రోజున ముఖాన పసుపు, కుంకుమ, పౌడరు, కాటుక ఏవీ లేకుండా శుభ్రంగా కడుక్కోండి. ఎండలో తిరిగి నల్లబడి ఉంటే ఆ సిట్టింగ్ వాయిదా వేసుకోండి. పుట్టుమచ్చల మీద లేజర్ పడకూడదు. కళ్లకు అద్దాలు పెట్టకుండా మొదలుపెడితే లేచి వచ్చేయండి.

వచ్చాక ఒకటి రెండు రోజులు ఎర్రగా, కాస్త వాచినట్టు ఉండటం సహజం. చల్లని తడిబట్ట అద్దండి. ఆవిరి పట్టడం, నలుగు పెట్టడం, నిమ్మరసం రాయడం కొద్దిరోజులు మానండి. ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ రోజూ రాసుకోండి. ఎలక్ట్రోలిసిస్ తర్వాత పడే చిన్న పక్కులను గిల్లకండి. బొబ్బలొస్తే చిదమకుండా డాక్టరుకు చూపించండి.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

యంత్రం ఏ రకం? చేసేది ఎవరు, డాక్టరు అక్కడే ఉంటారా? మీలాంటి చర్మం ఉన్నవారికి ఇదివరకు చేశారా? చెవిదగ్గరో దవడకిందో ముందు కొద్దిచోట చేసి, కొన్నిరోజులు ఆగి చూస్తారా? మొత్తం ఎన్ని సిట్టింగులు, ఒక్కోదానికి ఎంత? తర్వాత మళ్లీ చేయించుకోవాల్సి వస్తే ఎంత? ఎలక్ట్రోలిసిస్‌కైతే సూది కొత్తదా, మీ ఎదుటే ప్యాకెట్ విప్పుతారా? ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్‌లాంటి జబ్బులు అంటుకుంటాయి. ఎలక్ట్రోలిసిస్ బాగా వచ్చినవాళ్లు అన్ని ఊళ్లలో దొరకరు. దగ్గరలో ఉన్నారని చెయ్యి తిరగనివారి దగ్గర కూర్చోకండి. పది సిట్టింగుల డబ్బు ముందే కట్టమంటే తొందరపడకండి. ఒకటి రెండు చేయించుకుని, చర్మం తీరు చూశాక నిర్ణయించుకోవచ్చు.

మీ సందేహాలు

షేవ్ చేస్తే గడ్డం గట్టిపడుతుందంటారు, నిజమేనా?

కాదు. 1928లోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త పరీక్షించి ఇది అపోహేనని తేల్చారు. కోసిన అంచు మొద్దుగా ఉండటంవల్ల చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. కుదురు చర్మం లోపలుంది, బ్లేడు దాన్ని తాకనే తాకదు.

రోజూ పసుపు రాసుకుంటే రాలిపోవా?

పసుపు, శనగపిండి నలుగుతో చర్మం శుభ్రపడుతుంది, రుద్దుడుకు కొంత నూగు ఊడుతుంది. ముతకబారిన కుదురును అవి చంపలేవు. గట్టిగా రుద్దితే చర్మం నల్లబడుతుంది కూడా.

లేజర్‌వల్ల రేపు పిల్లలు పుట్టరేమోనని మా అమ్మ భయపడుతోంది.

ఆ వెలుగు చర్మంలో కొద్ది మిల్లీమీటర్లు దాటి వెళ్లదు. గర్భసంచికీ అండాశయాలకూ దానితో సంబంధం లేదు. అయితే గర్భంతో ఉన్నప్పుడు జాగ్రత్తకోసం వాయిదా వేయమంటారు. ఆ సమయంలో హార్మోన్లవల్ల వచ్చిన రోమాలు కాన్పు తర్వాత వాటంతటవే తగ్గవచ్చు కూడా.

ఇంట్లో వాడుకునే యంత్రాలు కొనుక్కోవచ్చా?

వాటిలో చాలావరకు ఐ.పి.ఎల్. రకమే. ముదురు రంగు చర్మానికి వాడొద్దని వాటి పెట్టెమీదే రాసి ఉంటుంది. కొనేముందు చదవండి. ముఖం మీద ప్రయోగాలు వద్దు.

చివరిగా ఒక మాట, తల్లులకు. మీ అమ్మాయి బాత్‌రూమ్‌లో ఆలస్యం చేస్తోందంటే విసుక్కోకండి. "పెళ్లయ్యాక చూద్దాం" అని దాటవేయకండి. నెలసరి సరిగ్గా వస్తోందా అని అడగండి, వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. లేజరా, ఎలక్ట్రోలిసిసా అన్నది ఆ తర్వాత మీరిద్దరూ కలిసి నిదానంగా తేల్చుకోవచ్చు. అసలేదీ వద్దు, నెలకోసారి థ్రెడింగే చాలని ఆమె అనుకుంటే అదీ తప్పు కాదు. ఆ నాలుగు వెంట్రుకలవల్ల ఆడతనానికి వచ్చే లోటేమీ లేదని ఆమె ముందుగా వినాల్సింది మీ నోటనే.